రిటర్నుల సీజన్ ముందే ఆఫీసు యాంటీవైరస్ చూసుకోండి

జులై వచ్చిందంటే ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో ఊపిరాడదు. క్లయింట్ల పెన్‌డ్రైవ్‌లు, వాట్సాప్‌లో ఫారం-16లు, ‘మీ రిఫండ్ ఆగింది’ అంటూ ఆదాయపు పన్ను శాఖ పేరుతో దొంగ మెయిళ్లు, అన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. సిస్టం స్లో అయిందని యాంటీవైరస్ ఆపేసేదీ సరిగ్గా అప్పుడే. అందుకే ఈ పనులు జూన్‌లోనే కానిచ్చేయండి.

ముందు ఎన్ని సిస్టంలున్నాయో కాగితం మీద రాయండి. స్కానర్ కోసం మూలన ఉంచిన పాతదీ, ఇంటికి పట్టుకెళ్లే ల్యాప్‌టాపూ వదలొద్దు. ఒక్కోదాంట్లో యాంటీవైరస్ తెరిచి, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూడండి. కింద ఐకాన్ కనబడితే సరిపోదు. నేను చూసుకునే ఒక ఆఫీసులో లైసెన్సు అయిపోయి నాలుగు నెలలైంది. రోజూ పొద్దున్నే వచ్చే ‘రెన్యూ’ బాక్సును అకౌంటెంట్ రోజూ మూసేస్తున్నాడు. రెన్యువల్ మెయిళ్లేమో ఉద్యోగం మానేసిన అమ్మాయి ఐడీకి పోతున్నాయి. అతన్ని ఏమనగలం? ఎవరికి చెప్పాలో అతనికెవరూ చెప్పలేదు. ఆ బాధ్యత ఒకరి పేరున రాసిపెట్టండి.

కొనే ఉద్దేశం లేకపోతే పాతది పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి, విండోస్‌లో ఉన్న డిఫెండర్ పని అందుకుంటుంది. రెండు యాంటీవైరస్‌లు మాత్రం పెట్టొద్దు, ఒకదానికొకటి అడ్డుపడతాయి.

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తోందని డీ డ్రైవ్ మొత్తాన్నీ స్కాన్ నుంచి మినహాయించిన ఘనులున్నారు. తప్పదనుకుంటే ఆ ఒక్క డేటా ఫోల్డర్‌కే పరిమితం చేయండి. స్కాన్‌ను మధ్యాహ్నం భోజనాల వేళకు పెడితే గొడవే ఉండదు. ఇక ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అని అడిగే క్రాక్ సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లనే వద్దు.

విండోస్ అప్‌డేట్లనూ వాయిదా వేయకండి. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలోకీ దూరింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ (సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఆ సిస్టంలను లిస్టులో ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టండి.

బ్యాకప్ హార్డ్‌డిస్క్‌ను పని కాగానే పీకి బీరువాలో పెట్టాలి. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ లాక్ చేస్తుంది.

ఫైళ్లు తెరుచుకోక, డబ్బు అడిగే నోట్ కనబడితే మొదట లాన్ వైరు పీకండి, వైఫై ఆపండి. కంగారులో ఫార్మాట్ కొట్టొద్దు, ఆధారాలు పోతాయి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సంస్థలైతే విషయం తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కు కూడా చెప్పాలి. ఈ రెండూ కాగితం మీద రాసి గోడకు అంటించండి. కంప్యూటర్లో దాచుకుంటే ఆ రోజున అది తెరుచుకోదు.