అమ్మాయిలే ఎక్కువున్న బడిలో ఏ సంగీత నాటకం వేయాలి?

ముందే నాటకం అనేసుకుని తర్వాత పిల్లల్ని వెతకకండి. వచ్చిన పిల్లల్ని లెక్కపెట్టండి, వాళ్ల గొంతులు వినండి, ఆ తర్వాతే పుస్తకం తెరవండి. 18 ఏళ్లుగా హైస్కూల్లో పాట నేర్పుతున్నాను. ఈ సంగతి నాకు ఒక పొరపాటు చేశాకే తెలిసింది.

ఆ ఏడాది వార్షికోత్సవానికి పేరిచ్చినవాళ్లు 31 మంది అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలు. నాకు ఇష్టమని పాండవోద్యోగ విజయాల్లోంచి రాయబారం సీను తీసుకున్నాను. తిరుపతి వేంకట కవుల పద్యం ఒకసారి నోటికొస్తే జన్మంతా ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ అది మగవాళ్ల సభ. ఏడెనిమిది మంది పద్యాలు పాడుతుంటే మిగతా పిల్లలు వింజామరలు పట్టుకుని నిలబడ్డారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె రిహార్సల్‌కి వచ్చిన ప్రతిసారీ "టీచర్, నేనెక్కడ నించోవాలి?" అని అడిగేది. ఏం పాడాలి అని అడిగే అవకాశమే నేను ఆ పిల్లకి ఇవ్వలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటినుంచి ఏ నాటకం చదివినా ప్రతి ఆడపాత్ర దగ్గరా ఆగి, ఈమె రాకపోతే కథ ఆగుతుందా అని చూస్తాను. ఆగకపోతే ఆ పుస్తకం పక్కన పెడతాను.

ఇక శ్రుతి, అంటే పాటకి ఆధారంగా పట్టుకునే స్థాయి. దాన్ని హార్మోనియం మెట్ల లెక్కలో చెబుతారు. కచేరీల్లో మగగొంతుకు ఒకటి, ఒకటిన్నర, ఆడగొంతుకు ఐదు, ఐదున్నర మామూలు. మగగొంతుకి చేసిన ట్రాక్ తెచ్చి అమ్మాయిలతో పాడిస్తే కింది స్వరాలు మైకుకి కూడా అందవు, పై స్థాయిలో పాడబోతే అరుపవుతుంది. అందుకని నేను మొదటి వారం పాత్రల మాటే ఎత్తను. హార్మోనియం ముందు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి "మా తెలుగు తల్లికి" ఒక చరణం నాలుగున్నరలో, ఐదులో, ఐదున్నరలో పాడిస్తాను. గొంతు ఎక్కడ బిగుసుకుంటుందో పేరు పక్కన రాసుకుంటాను. బృందగీతాలకి ఎక్కువమందికి హాయిగా ఉన్న శ్రుతి పెట్టండి, బాగా పాడే ఒక్క అమ్మాయిని చూసి పెట్టకండి. తొమ్మిదో తరగతి అబ్బాయిల గొంతు అప్పుడే మారుతూ ఉంటుంది. వాళ్లచేత పద్యం పాడించి నలుగురిలో సిగ్గుపడేలా చేయొద్దు. డైలాగులున్న వేషమో, డోలకో ఇవ్వండి.

కథల్లో నా మొదటి ఓటు శ్రీకృష్ణ తులాభారానికి. ముత్తరాజు సుబ్బారావు గారి నాటకం పేరున్నదే, కానీ బడికి 25 నిమిషాల్లో అయ్యేలా కథను మీరే కుదించుకోవచ్చు. వ్రతం చేసి భర్తను నారదుడికి దానమిచ్చేది సత్యభామ, తులసిదళంతో తూకం తేల్చేది రుక్మిణి. అష్టభార్యలు ఎనిమిదిమందికీ తలా ఒక చరణం వస్తుంది. నగలు తెచ్చి తక్కెట్లో వేసే చెలికత్తెలు ఎంతమందైనా ఉండొచ్చు, నగ వేసేటప్పుడు తలా ఒక మాట పెట్టండి. కృష్ణుడికి పాట తక్కువ, చిరునవ్వు ఎక్కువ కాబట్టి ఆరో తరగతి పాప చేసేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఆ పాపను వేలాడే తక్కెట్లో కూర్చోబెట్టకండి. గట్టి బల్ల మీద కూర్చోబెట్టి, ముందు అట్టతో చేసిన పళ్లెం అడ్డుపెడితే చాలు.

ఉషా పరిణయం కూడా బాగుంటుంది. కలలో కనిపించినవాడెవరో తెలియక ఉష దిగులుపడుతుంటే, ఒక్కొక్క రాజకుమారుడి బొమ్మా గీసి చూపించేది చిత్రరేఖ. కథంతా ఆ స్నేహితురాలి చేతిలోనే ఉంటుంది. బాణాసురుడి వేషం గొంతు మారుతున్న అబ్బాయికి సరిపోతుంది. అర్జునుడి వేషం అమ్మాయికే ఇవ్వాలనుకుంటే విరాటపర్వంలో బృహన్నల ఉంది. రాకుమారి ఉత్తర నాట్యం నేర్చుకునే శాలతో మొదలుపెట్టి, బొమ్మలకి రంగుగుడ్డలు తెమ్మని పిల్లలు అడిగే చోటినుంచి ఉత్తరకుమారుడి ప్రగల్భాల మీదుగా యుద్ధానికి వెళ్లండి. కీచకుడి ఘట్టం మాత్రం బడి పిల్లలకి వద్దు. భామాకలాపం ఎంత అందమైనదైనా అంతా సత్యభామ, మాధవి మీదే నడుస్తుంది. ఇద్దరు గట్టి పిల్లలుంటేనే దాని జోలికి వెళ్లండి.

పిల్లలు మరీ తక్కువైతే బుర్రకథ. తంబురతో కథకురాలు, గుమ్మెటలనే వాద్యాలు వాయిస్తూ వంత పాడే ఇద్దరు, మొత్తం ముగ్గురే. ప్రజానాట్యమండలి రోజుల్లో మోటూరి ఉదయం గారు ఆడవాళ్ల దళంతోనే బుర్రకథలు చెప్పారు. రుద్రమదేవి కథ దీనికి చక్కగా కుదురుతుంది. పిల్లలు మరీ ఎక్కువైతే కథ మధ్యలో ఒక కోలాటం పెట్టండి, జోడీలు కుదరాలి కాబట్టి సరిసంఖ్య చూసుకోండి.

"మా అమ్మాయికి మగవేషమా మేడమ్?" అని తల్లిదండ్రులు అడుగుతారు. నేను వాళ్లకి స్థానం నరసింహారావు గారి ఫొటో చూపిస్తాను. సత్యభామ అంటే ఆయనే అనిపించుకున్న మనిషి, 1956లో పద్మశ్రీ వచ్చింది. మగవాడు సత్యభామైనప్పుడు ఆడపిల్ల కృష్ణుడు కాకూడదా అంటే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే బలవంతపెట్టను, ఆ పాపకి వేరే వేషం ఇస్తాను.

మీసం అంటించకండి, ఆ జిగురుకి పిల్లల చర్మం మండుతుంది. కాటుక పెన్సిల్‌తో గీయండి. అద్దె కిరీటాలు పెద్దవాళ్ల తలకి చేసినవి, లోపల దూది కుట్టకపోతే పద్యం మధ్యలో కళ్ల మీదకి జారతాయి. మాది జనవరిలో కార్యక్రమం. చలికి గొంతులు పోతాయి కాబట్టి సత్యభామ పాటలు ముగ్గురికి నేర్పుతాను. ఎవరు వేషం కట్టినా మిగతా ఇద్దరూ అష్టభార్యల్లో ఉంటారు. దసరా సెలవులకి ముందే ముగ్గురి నోటుబుక్కుల్లోనూ పద్యాలు వాళ్ల చేతిరాతతోనే రాయించి ఇంటికి పంపుతాను.