ట్రాక్టర్ డబ్బా పాఠాలు - 3: లైసెన్సు, బరువు లెక్క

పోయిన పాఠంలో హుక్కు, పిన్ను, గొలుసు చూశాం. డబ్బా తగిలించడం వచ్చింది కాబట్టి ఇవాళ రోడ్డెక్కే ముందు చూసుకోవాల్సినవి నేర్చుకుందాం. ముందుగా ఆర్‌సీలు రెండూ చేతిలోకి తీసుకోండి. ఇంజనుకు ఒకటి, డబ్బాకు ఒకటి. డబ్బా ఆర్‌సీ బీరువాలో ఎక్కడో ఉందంటే వెతికి తెచ్చుకోండి, ఈ పాఠం మొత్తం దాని మీదే నడుస్తుంది.

లైసెన్సు సంగతి తొందరగానే తేలిపోతుంది. పద్దెనిమిదేళ్లు నిండి, ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సు ఉంటే ట్రాక్టర్ నడపొచ్చు. 1988 మోటారు వాహనాల చట్టంలో ఖాళీ బరువు 7,500 కిలోలు దాటని ట్రాక్టర్ ఆ కోవలోకే వస్తుంది. మన దగ్గర తిరిగే 45 హెచ్‌పీ బండి రెండు టన్నుల అటూ ఇటూ ఉంటుంది. డబ్బా తగిలించినంత మాత్రాన ట్రాక్టర్ లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. వడ్ల కోతలప్పుడు పదో తరగతి పిల్లల చేతికి తాళాలు ఇచ్చేస్తున్నాం. పిల్లవాడు దొరికితే తండ్రికో, బండి ఓనరుకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు అని చట్టంలో ఉంది. జరిమానా కంటే ముందు ఆ పిల్లవాడి ప్రాణం ఉంది. దయచేసి ఇవ్వకండి.

ఇక బరువు. డబ్బా ఆర్‌సీలో రెండు అంకెలు ఉంటాయి: ఖాళీ బరువు, లోడుతో కలిపి మొత్తం బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మీరు వేయగలిగిన సరుకు. మీ డబ్బా ఖాళీగా 1,500, లోడుతో 5,500 అనుకుందాం. అంటే సరుకు 4,000 కిలోలు. కొనుగోలు కేంద్రంలో బస్తాకు 40 కిలోల వడ్లు, కాబట్టి వంద బస్తాలు అంటారు చాలామంది. గోనె సంచి బరువు మరిచిపోయారు! సంచి ఆరు వందల గ్రాములు వేసుకున్నా బస్తా 40.6 కిలోలు. 98 బస్తాలకే ఆపాలి. పైన కూర్చునే హమాలీల బరువు ఇందులో లేదు. అసలు డబ్బా మీద మనుషులు ఎక్కకూడదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కులు వస్తాయి.

మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది పత్తి దగ్గర. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్లడానికి డబ్బాకు ఎత్తు పలకలు కట్టిస్తాం. పత్తి తేలిక, డబ్బా నిండినా బరువు దాటదు. అవే పలకలతో మక్కలు నింపితే సగం ఎత్తుకు రాకముందే లెక్క దాటిపోవచ్చు. ఇసుక సంగతి చెప్పనే అక్కర్లేదు. నాలుగేళ్ల కింద వర్ధన్నపేట వైపు ఒక చెరువు కట్ట ఎక్కుతుంటే నా బండి ముందు టైర్లు జానెడు పైకి లేచాయి. స్టీరింగ్ ఎటు తిప్పినా బండి వినలేదు. బరువు ఎక్కువ, అందులోనూ డబ్బా ముందు భాగంలోనే వేశాం, అదంతా హుక్కు మీద పడింది. ఆ రోజు నుంచి బస్తాలు ఇరుసుకు అటూ ఇటూ సర్ది, ముందువైపు కొంచెం మొగ్గు ఉండేలా చూసుకుంటున్నాను. వెనక ఎక్కువైనా ప్రమాదమే, హుక్కును పైకి లేపుతుంది.

పట్టుబడితే ఏమవుతుంది? 2019 సవరణ ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, పైన అదనపు టన్నుకు 2,000 చొప్పున. ఎక్కువైన సరుకు దింపించే ఖర్చూ మనదే.

ఈ వారం అభ్యాసం: దగ్గర్లోని కాంటా మీద బండిని ఖాళీగా ఒకసారి, మీరు మామూలుగా వేసే లోడుతో ఒకసారి ఎక్కించండి. రెండింటి తేడాను ఆర్‌సీ లెక్క పక్కన రాసుకోండి. ఆ చీటీ దాచి ఉంచండి, వచ్చే పాఠంలో బ్రేకు ఎంత దూరం ముందు తొక్కాలో దాంతోనే మొదలుపెడదాం.