చంద్రుడి మీద 14 రోజులు: నలుగురు కలిసి ఆడే బోర్డు ఆట తయారీ

అంతరిక్షం గురించి నేర్పే ఆటలు చాలావరకు ప్రశ్నల కార్డుల దగ్గరే ఆగిపోతాయి. చంద్రయాన్-3 ఏ రోజు దిగిందని అడుగుతారు, సరిగ్గా చెబితే రెండు గళ్లు జరపమంటారు. జవాబు తెలిసినవాడికి అందులో కొత్తేమీ లేదు, తెలియనివాడి చూపు పాచిక మీదే ఉంటుంది. పాఠం నియమంలో ఉండాలి. చంద్రుడి మీద తిరిగే చక్రాల బండి, అంటే రోవర్, నేరుగా భూమితో మాట్లాడలేదని కార్డు మీద రాస్తే మర్నాటికి గుర్తుండదు. రోవర్‌లో పోగేసిన సమాచారం ల్యాండర్‌కు (రోవర్‌ను దింపిన నౌక, భూమికి కబురు చేరవేసేది అదే) చేరకముందే పొద్దుగుంకి ఆట ఓడిపోతే, ఆ సంగతి ఇక మరిచిపోరు.

ప్రయాణం మొత్తాన్ని ఒకే ఆటలో ఇరికించకండి. 2023 జూలై 14న శ్రీహరికోటలో బయల్దేరి ఆగస్టు 23న దిగేదాకా నడిచింది ఒక కథ, దిగాక నడిచింది ఇంకొకటి. మొదటిసారి తయారు చేసేవాళ్లకు రెండోదే మేలు. అక్కడి పగలు మన లెక్కలో సుమారు 14 రోజులు కాబట్టి ఆటకు 14 రౌండ్లు. రౌండుకు మూడు నిమిషాలు పట్టినా 42 నిమిషాల్లో అయిపోతుంది.

బోర్డు మీద 9 అడ్డం, 9 నిలువు గళ్లు గీయండి. ఒక గడి 4 మీటర్లు. ఈ కొలతకు కారణముంది. 2023 ఆగస్టు 27న చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్‌కు 3 మీటర్ల ముందు 4 మీటర్ల వెడల్పు గొయ్యి కనిపించింది, రోవర్‌ను వెనక్కి తిప్పారు. ఆ గొయ్యి మన బోర్డులో సరిగ్గా ఒక గడి. ప్రజ్ఞాన్ మొత్తం నడిచింది 100 మీటర్లకు కాస్త పైన, అంటే సుమారు 25 గళ్లు. సెకనుకు సెంటీమీటరు వేగంతో ఒక్క గడి దాటడానికి ఆరున్నర నిమిషాలకు పైగా పడుతుంది. ఈ మాట బోర్డు అంచున రాయండి, పిల్లలు తప్పకుండా లెక్కేసి చూస్తారు.

గెలుపు షరతు ఒక్కటే: 14వ రోజు ముగిసేలోపు 10 సమాచార బిళ్లలు భూమికి చేరాలి. అయిదు లిబ్స్ పరికరానివి, అయిదు ఏపీఎక్స్ఎస్‌వి. రెండూ మట్టిలో, రాళ్లలో ఏ మూలకాలున్నాయో చెప్పేవే, రెండూ రోవర్ మీద ఉన్నవే. ఆ స్థలంలో గంధకం ఉందని తేల్చింది లిబ్స్. ల్యాండర్ మీది పరికరాలను ఇప్పటికి వదిలేయండి, వాటితో ఇంకో ఆట చేసుకోవచ్చు.

ఆట నిలిచేదీ కూలేదీ విద్యుత్తు లెక్క దగ్గరే. రౌండుకు 6 బిళ్లలు వస్తాయి, బ్యాటరీలో 10కి మించి నిలవవు. 14 రౌండ్లకు రాబడి 84. ఖర్చు: ఒక గడి నడకకు 1, ఒక కొలతకు 2, రోవర్ నుంచి ల్యాండర్‌కు 1, ల్యాండర్ నుంచి భూమికి 1. అంటే ఒక్కో సమాచారానికి 4 చొప్పున పదింటికి 40. నడక 24 గళ్లు అనుకుంటే మొత్తం 64, మిగిలేది 20. ఇప్పుడు ప్రమాద కార్డులు 18 చేయండి. ఆరింటిలో ఏమీ జరగదు. నాలుగు 1 తీసుకుంటాయి, నాలుగు 2, నాలుగు 3. ఆటలో తిరగబడేవి 14 కాబట్టి సగటున 19 దాకా పోతాయి. చివరికి చేతిలో మిగిలేది ఒకటో అరో. ఆ బిగువే కావాలి.

గెలుపు మరీ తేలికైందనో, అసలు సాధ్యం కావడం లేదనో అనిపిస్తే రాబడిని ముట్టుకోకండి. రౌండుకు ఒక్క బిళ్ల పెంచితే ఆట మొత్తానికి 14 పెరిగి బిగువంతా పోతుంది. 2 తీసుకునే ప్రమాద కార్డులు రెండింటిని ఏమీ జరగని కార్డులుగా మారిస్తే తేడా మూడు బిళ్లలే. అయిదు ఆటల్లో రెండో మూడో గెలిచేలా ఇలా కొంచెం కొంచెంగా సరిచేయండి.

ప్రమాదాల్లో గాలివాన, దుమ్ము తుపాను పెట్టకండి. చంద్రుడి మీద వీచే గాలే లేదు. గొయ్యి, పెద్ద రాయి నీడ సౌరఫలక మీద పడటం, చక్రం జారడం, సిగ్నల్ తెగడం, మిట్టమధ్యాహ్నపు వేడి, ఇవి చాలు.

కలిసి ఆడే ఆటలకు ఒక పెద్ద జబ్బు ఉంది. ఇంట్లో పెద్దవాడో, ముందే ఆడి ఉన్నవాడో "నువ్వు అది వెయ్యి, నువ్వు ఇది వెయ్యి" అంటూ నలుగురి ఆటా తనే ఆడేస్తాడు. మిగతా ముగ్గురు కార్డులు మోసేవాళ్లవుతారు. మందు మౌనం. నాలుగు పాత్రలు: డ్రైవర్, సైన్స్, సిగ్నల్, పవర్. ఒక్కొక్కరికి 8 ఆదేశ కార్డులు, ఎవరివి వాళ్లకే కనిపించాలి. రౌండు మొదట్లో ఒక నిమిషం మాట్లాడుకోవచ్చు. తర్వాత ప్రమాద కార్డు తిప్పుతారు, అది అడిగినన్ని బిళ్లలు బ్యాటరీలోంచి తీస్తారు, ఇక ఎవరూ నోరెత్తకూడదు. నలుగురూ తలో కార్డు బోర్లా పెట్టి ఒకేసారి తిప్పాలి. పవర్ కార్డు మిగతా ముగ్గురికి ఎన్నేసి బిళ్లలో పంచుతుంది. చాలినన్ని రానివాళ్ల పని ఆ రోజు ఆగిపోతుంది, వాళ్లకు వచ్చినవి బ్యాటరీలోకి తిరిగి పోతాయి. ఆడిన కార్డు మర్నాడు చేతికి రాదు. డ్రైవర్ కార్డులు 1, 1, 2, 2, 3, 3, వెనక్కి, ఆగు. సిగ్నల్ కార్డు ఒక్కటి రెండు సమాచార బిళ్లల దాకా మోస్తుంది.

ఈ మౌనానికి దూరాన్ని కారణంగా చెప్పకండి. చంద్రుడి నుంచి సిగ్నల్ రావడానికి 1.3 సెకన్లే. అసలు కారణం వేరు. రోవర్ పంపిన చిత్రాలు చూసి, దారి నిర్ణయించి, ఆదేశాలు పంపాకే అది కదులుతుంది. పంపిన ఆదేశాన్ని మధ్యలో పట్టి లాగలేం.

మొదటి నమూనాకు డబ్బు పెట్టకండి. చార్టు, స్కెచ్ పెన్ను, విద్యుత్తుకు 16 చింతపిక్కలు, సమాచారానికి 10 చొక్కా గుండీలు సరిపోతాయి. కొత్తవాళ్లకు నియమాల కాగితం ఇచ్చి పక్కన కూర్చోండి, అడిగినా చెప్పకండి. ఎక్కడ చేయి ఆగిందో, ఏ వాక్యం రెండోసారి చదివారో రాసుకోండి. వైకుంఠపాళి, అష్టాచెమ్మా అలవాటైనవాళ్లు మొదట పక్కవాడిని ఓడించాలనే చూస్తారు. అందుకే "అందరూ గెలుస్తారు, లేదా అందరూ ఓడతారు" అన్నది కాగితంలో మొదటి వాక్యం కావాలి.

లెక్క కుదిరాకే అచ్చు. పాత్ర కార్డులు 4, ఆదేశాలు 32, ప్రమాదాలు 18, మొత్తం 54. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల ఎత్తు ఉన్న కార్డులు 12×18 అంగుళాల షీటుకు 18 పడతాయి, చుట్టూ 3 మిల్లీమీటర్ల కోత వదిలినా సరిపోతుంది. మూడు షీట్లతో పని అయిపోతుంది. 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్ అడగండి. గ్లాసీ అయితే ట్యూబ్‌లైటు కింద మెరుస్తుంది, పల్చటి కాగితమైతే ఫ్యాను కింద ఎగిరిపోతుంది. వెనుక వైపు అంచు గీత వద్దు. రెండు వైపుల అచ్చు మిల్లీమీటరు జరిగినా ఆ గీత పట్టిస్తుంది, పైగా ఏ కార్డో వెనుక నుంచే తెలిసిపోతుంది.

విజయవాడ గవర్నరుపేటకు వెళ్లినా, గుంటూరు అరండల్‌పేటకు వెళ్లినా ఒక జాగ్రత్త తప్పదు. చాలా డీటీపీ షాపుల్లో తెలుగు పని ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే నడుస్తుంది. మీ యూనికోడ్ ఫైలు పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒత్తులు విడిపోతాయి. అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. అక్షరం 11 పాయింట్లకు తగ్గకూడదు, వరుసల మధ్య 16 పాయింట్లు ఉండాలి, లేదంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి.

బోర్డుకు 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురుగు అట్ట) మీద వినైల్ ప్రింటు. రెండంగుళాల గళ్లు తొమ్మిదితో 18 అంగుళాలు, పక్కన రోజులకూ బ్యాటరీకీ 6 అంగుళాల పట్టీ. మొత్తం 24×18. 12 అంగుళాల దగ్గర రెండు ముక్కలు చేసి వెనుక గుడ్డ టేపు అతికిస్తే మడత సరిగ్గా గడి గీత మీదే పడుతుంది. వెనుక వైపు కూడా వినైల్ అతికించండి. ఒక వైపే ఉంటే మన మే నెల ఎండకు బోర్డు దోనెలా వంగుతుంది. రోవర్, ల్యాండర్ బొమ్మలకు కొండపల్లి పనివాళ్లు వాడే తెల్ల పొణికి కర్ర బాగుంటుంది, తేలిక కాబట్టి కిందపడినా బోర్డుకు గీతలు పడవు. ఇస్రో చిహ్నాన్ని మాత్రం అనుమతి లేకుండా పెట్టె మీద వేయకండి.