కుట్టు ఎక్కడ తేడా కొట్టింది? బొంతలు, గౌన్లు కుట్టేవారికి సమస్య - పరిష్కారం

ఈమధ్య నా మిషన్ మీద ఒక అతుకుల బొంత, ఒక కాటన్ గౌను పక్కపక్కనే నడుస్తున్నాయి. రెండూ వేరు వేరు పనులే. అయినా తేడా వచ్చినప్పుడు వెతికే పద్ధతి మాత్రం ఒకటే. లోపం కనిపించిన చోటే ఆగిపోకుండా, అంతకుముందు ఏం చేశామో చూసుకుంటూ వెనక్కి వెళ్ళాలి. గుడ్డ కింద దారం చిక్కుపడితే కారణం పైన ఉంటుంది. బొంత అంచు అలలు తేలితే కారణం కొలతలో ఉంటుంది. చాలామంది మొదటే టెన్షన్ మర (దారం బిగుతును సరిచేసేది) తిప్పేస్తారు. నిజానికి అది అన్నిటికన్నా చివర ముట్టుకోవాల్సింది.

గుడ్డ కింద దారం ఉండలు కడుతోంది

కింద కనిపిస్తోంది కాబట్టి బాబిన్‌ని, అంటే కింది దారం చుట్టిన చిన్న చక్రాన్ని, అనుమానిస్తాం. చాలాసార్లు తప్పు పైదారానిదే. ప్రెజర్ ఫుట్ (గుడ్డను అదిమిపట్టే పాదం) దించి ఉండగా దారం ఎక్కిస్తే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి. దారం వాటి మధ్యకు దిగకుండా బయటే ఉండిపోతుంది. పట్టు లేని దారం కిందికి వదులుగా జారి ఉచ్చులు పడుతుంది.

చిక్కును కత్తిరించి తీసేయండి. ఫుట్ ఎత్తి, సూదిని పైకి తెచ్చి, దారం మొదటినుంచి మళ్ళీ ఎక్కించండి. తర్వాత ఫుట్ దించి దారాన్ని లాగితే బిగుతుగా రావాలి, ఎత్తి లాగితే సులువుగా జారాలి. ఈ తేడా తెలియకపోతే దారం ఇంకా బిళ్ళల్లో పడలేదన్నమాట. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలనూ వెనక్కి పట్టుకోండి.

అప్పటికీ కుదరకపోతే టెన్షన్ చూడండి. పైన ఒక రంగు, బాబిన్‌లో ఇంకో రంగు దారం వేసి పనికిరాని గుడ్డ మీద కుట్టండి. బాబిన్ రంగు పైన చుక్కల్లా కనిపిస్తే పై టెన్షన్ ఎక్కువ, పైరంగు కింద కనిపిస్తే తక్కువ.

మధ్యమధ్యలో కుట్లు పడటం లేదు

సూది మార్చండి. మొద్దుబారిన సూది చూడటానికి బాగానే ఉంటుంది, అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు. సుమారు 8 గంటల కుట్టుపనికి ఒకసారి మార్చడం మంచిది. సాగే గుడ్డకు బాల్‌పాయింట్ లేదా స్ట్రెచ్ సూది వాడాలి. పల్చటి గుడ్డకు 60/8 లేదా 70/10 సైజు సూది, మామూలు కాటన్‌కు 80/12, బొంత మూడు పొరలకు 90/14 సరిపోతాయి. సూదిని పూర్తిగా పైదాకా తోసి, చదును వైపు మీ మిషన్‌కు తగ్గ దిక్కులో ఉందో లేదో చూసుకుని బిగించండి.

బొంత చదరాలు ఒకదానికొకటి కలవడం లేదు

కొత్తగా బొంతలు కుట్టేవారిని అన్నిటికన్నా నిరుత్సాహపరిచేది ఇదే. కటింగ్ బాగాలేదనుకుని చాలామంది మానేస్తారు కూడా. చాలాసార్లు కటింగ్ బాగానే ఉంటుంది, తేడా కుట్టు మార్జిన్‌లో, అంటే గుడ్డ అంచుకూ కుట్టుకూ మధ్య వదిలే గుడ్డలో, ఉంటుంది.

అతుకుల పనిలో మార్జిన్ పావు అంగుళం. అది అంగుళంలో పదహారో వంతు ఎక్కువైందనుకోండి. అతుకుకు రెండు వైపులా పోతుంది కాబట్టి ఒక్కో అతుకు దగ్గర ఎనిమిదో వంతు తగ్గుతుంది. వరసకు నాలుగు ముక్కలుంటే మూడు అతుకులు, అంటే అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు మాయం. దీనికితోడు, అతుకును ఒక పక్కకు మడిచినప్పుడు ఆ మడత కూడా కాస్త గుడ్డను తినేస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు పావు అంగుళం కన్నా ఒకటి రెండు పోగులు తక్కువ మార్జిన్‌తోనే కుడతారు.

పరీక్ష చాలా సులువు. 1½ అంగుళాల వెడల్పు పట్టీలు మూడు కోసి, పక్కపక్కన కలిపి కుట్టి, ఇస్త్రీ చేయండి. మధ్య పట్టీ సరిగ్గా 1 అంగుళం, మొత్తం వెడల్పు 3½ అంగుళాలు రావాలి. మధ్య పట్టీ సన్నబడితే మార్జిన్ ఎక్కువ పోతోంది, వెడల్పైతే తక్కువ పోతోంది. సరైన చోటు దొరికాక మిషన్ పలక మీద మందపాటి టేపు అంటించి, గుడ్డ అంచును దానికి ఆనించి కుట్టండి. పావు అంగుళం ఫుట్ కొన్నా ఈ పరీక్ష తప్పనిసరి. అన్ని ఫుట్‌లూ అన్ని మిషన్ల మీదా ఒకేలా కూర్చోవు.

రెండో అనుమానం ఇస్త్రీ పెట్టె మీద. బట్టలకు చేసినట్టు ముందుకూ వెనక్కూ రుద్దితే ముక్కలు సాగుతాయి, త్రికోణాల ఏటవాలు అంచులు మరీను. పెట్టెను ఎత్తి ఆనించి, మళ్ళీ ఎత్తండి. ఒక వరస అతుకులను కుడికి మడిస్తే పక్క వరసవి ఎడమకు మడవండి. కలిపి కుట్టేటప్పుడు అతుకులు ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చుంటాయి.

ఇప్పటికే కుట్టేసిన చదరాల సంగతేంటి? అన్నీ ఒకేలా చిన్నవైతే ఏ నష్టమూ లేదు, బొంత కాస్త చిన్నదవుతుంది అంతే. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి అయితేనే చిక్కు. మామూలు చదరాలైతే అన్నిటినీ చిన్నదాని కొలతకు కోసేయొచ్చు. అంచు దాకా త్రికోణాల మొనలు ఉన్నవాటిని మాత్రం కోయకండి, మొనలు తెగిపోతాయి. వాటిని విప్పి కుట్టడమే మేలు.

బొంత బోర్డర్ అలలు తేలుతోంది

పొడవాటి పట్టీని అంచు వెంబడి కుట్టుకుంటూ పోయి, మిగిలింది కోసేస్తే ఇలాగే అవుతుంది. అప్పటికే సాగి ఉన్న అంచు ఎంత అడిగితే పట్టీ అంత ఇచ్చేస్తుంది. బొంతను మధ్యలో మూడు చోట్ల కొలిచి, సగటు తీసి, ఎదురెదురు బోర్డర్లు రెండూ ఆ పొడవుకే కోయండి. ముందు మధ్యలోనూ కొసల్లోనూ పిన్నులు పెట్టి, మిగతా గుడ్డను వాటి మధ్య సమంగా సర్దండి.

బొంత వెనక గుడ్డ ముడతలు పడుతోంది

మూడు పొరలూ ఒకే వేగంతో కదలడం లేదు. మిషన్ కింద గుడ్డను జరిపే పళ్ళు వెనక గుడ్డను లాగుతుంటే ఫుట్ పై పొరను ఆపుతోంది. పై పొరను కూడా కింది పొరతోపాటు జరిపే వాకింగ్ ఫుట్ ఈ తేడాను చాలావరకు సరిచేస్తుంది. కానీ అసలు పని మిషన్ దగ్గరికి రాకముందే జరగాలి. వెనక గుడ్డను నాలుగు వైపులా 3-4 అంగుళాలు పెద్దగా కోసి, ముడత లేకుండా నేలమీద పరిచి టేపు అంటించండి. బిగుతుగా ఉండాలి కానీ సాగదీయకూడదు. దానిమీద దూది పొర, పై పొర పరిచి, అరచేయి వెడల్పుకు ఒకటి చొప్పున పిన్నీసులు పెట్టండి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు ఉంచి, మధ్యనుంచి అంచులకు కుట్టుకుంటూ రండి. ఇప్పటికే పడిన ముడతకు ఇటూ అటూ కొన్ని అంగుళాలు విప్పి, గుడ్డ సర్ది మళ్ళీ కుట్టాలి. ఒక్క ముడత దగ్గరే విప్పితే అది పక్కకు జరుగుతుంది తప్ప పోదు.

గౌను మెడ సాగి వదులుగా నిలుస్తోంది

మెడ గుండ్రంలో కొంత భాగం క్రాస్‌లో (పోగులకు ఏటవాలుగా) పడుతుంది, క్రాస్‌లో ఉన్న గుడ్డ సాగుతుంది. కోసిన ముక్కను కుర్చీకి వేలాడదీసినా, భుజాలు కలిపేటప్పుడు అటూ ఇటూ తిప్పినా చాలు.

అందుకే మెడ కోసిన వెంటనే, ఇంకే పనీ చేయకముందే, ఒక్క పొర మీద కుట్టు గీతకు కొంచెం బయటగా, మార్జిన్‌లోనే పడేలా ఒక మామూలు కుట్టు వేయాలి. ఒక భుజం నుంచి మధ్యకు, మళ్ళీ రెండో భుజం నుంచి మధ్యకు. రెండు నిమిషాల పని, కానీ గౌను అందం చాలావరకు దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

సాగిపోయాక తెలిస్తే, మెడను కాగితం నమూనా మీద పరిచి చూడండి. తేడా కొద్దిగానే ఉంటే పొడుగు కుట్టు ఒకటి వేసి, దారం మెల్లగా లాగి నమూనా కొలతకు తెచ్చి, ఆవిరి ఇస్త్రీ ఆనించండి. క్రాస్ పట్టీ వేస్తుంటే దాన్ని మెడకన్నా కొంచెం పొట్టిగా కోసి, కాస్త లాగుతూ కుట్టండి. లోపలి పట్టీ బయటికి తొంగిచూస్తుంటే అది వేరే సంగతి. మార్జిన్‌కు గాట్లు పెట్టి, పట్టీవైపు మడిచి, పట్టీనీ మార్జిన్‌నీ కలిపి అతుకు పక్కనే ఒక కుట్టు వేస్తే లోపలే ఉంటుంది.

డాట్ చివర చిన్న బుడిపె

డాట్ (గుడ్డ ఒంటికి అమరేలా మొన తేల్చి కుట్టే మడత) మొన దగ్గర రివర్స్ కుట్టు వేస్తే అక్కడ గట్టిపడుతుంది. చివరి కుట్లు మడత అంచుకు దాదాపు సమాంతరంగా నడిపి, గుడ్డ బయటికి జారనిచ్చి, దారాలు చేత్తో ముడి వేయండి. చుట్టిన తువాలు మీద పెట్టి ఇస్త్రీ చేయండి.

స్కర్ట్ అంచు ఎగుడుదిగుడు

ఘేరు ఉన్న స్కర్ట్‌లో క్రాస్ భాగాలు తమ బరువుకే కిందికి దిగుతాయి. అంచు మడవకముందు ఒక రోజంతా హ్యాంగర్‌కు వేలాడదీసి, తర్వాత తొడుక్కుని, ఇంకొకరి చేత నేలనుంచి పైకి కొలిపించండి. నడుము నుంచి కొలిస్తే ఈ తేడా బయటపడదు.

ఉతికాక ముదురు రంగు లేత ముక్కలకు అంటింది

బొంతలోనైనా గౌనులోనైనా ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలే వద్దు. వేడి తగిలితే మరక స్థిరపడుతుంది. తడిగా ఉండగానే పెద్ద తొట్టిలో ఎక్కువ నీళ్ళు, కాస్త డిటర్జెంట్ వేసి పూర్తిగా ముంచి ఉంచి, నీళ్ళు రంగు తిరిగినప్పుడల్లా మార్చండి. నీళ్ళు తేటగా నిలిచాకే ఆరేయాలి. ఇకమీదట ముదురు ఎరుపు, నీలం గుడ్డలను కోయకముందే విడిగా ఉతికి, తెల్లగుడ్డ తడిపి రుద్ది చూడండి. రంగు అంటుతుంటే ఇంకోసారి ఉతకండి.