ఎంట్రోపీ లెక్క ఎక్కడ తప్పుతోంది?

సమస్య: సున్నపురాయి 1.11 కెల్విన్ దాటగానే విఘటనం చెందుతుందని జవాబు వచ్చింది.
అంత చలిలో ఏ రాయీ విడిపోదు, కాబట్టి లెక్కలోనే తేడా ఉంది. డెల్టా హెచ్ (చర్యలో ఉష్ణం మార్పు) +178 కిలోజౌళ్లు, డెల్టా ఎస్ (ఎంట్రోపీలో, అంటే శక్తి ఎంతగా చెదిరి ఉందో చెప్పే కొలతలో మార్పు) కెల్విన్‌కు +160.5 జౌళ్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే విఘటనం మొదలయ్యే ఉష్ణోగ్రత వస్తుంది. ఒకటి కిలోజౌళ్లలో, మరొకటి జౌళ్లలో ఉండగానే భాగించేశారు. 178ని 1,78,000 జౌళ్లుగా మార్చి భాగిస్తే సుమారు 1109 కెల్విన్ వస్తుంది. సున్నపు బట్టీకి అంత మంట ఎందుకో అప్పుడు తెలుస్తుంది. ఈ అధ్యాయంలో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే అని నా అభిప్రాయం.

సమస్య: హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి ద్రవ నీరయ్యే చర్యకు డెల్టా ఎస్ +70 వచ్చింది.
వాయువులు ద్రవమవుతుంటే ఎంట్రోపీ పెరగడమేమిటి? గుర్తు చూడగానే అనుమానం రావాలి. మూలకాల సంఘటనోష్ణం (మూలకాల నుంచి పదార్థం ఏర్పడేటప్పటి ఉష్ణం మార్పు) సున్నా కదా అని ఎంట్రోపీకీ సున్నా వేసేయడమే కారణం. ఎంట్రోపీకి ఆ వెసులుబాటు లేదు. పరిపూర్ణ స్ఫటికానికి, అదీ 0 కెల్విన్ దగ్గరే అది సున్నా. 298 కెల్విన్ వద్ద హైడ్రోజన్‌కు 130.7, ఆక్సిజన్‌కు 205.2, నీటికి 70.0. ఆక్సిజన్ అర మోలే: 70.0 − 130.7 − 102.6 = కెల్విన్‌కు −163.3 జౌళ్లు.

సమస్య: ‘ఎంట్రోపీ తగ్గింది, కాబట్టి అయత్నీకృతం (తనంతట తానే జరిగేది) కాదు’ అని రాస్తే తప్పు కొట్టారు.
మీరు వ్యవస్థను మాత్రమే చూశారు. ఉష్ణగతిశాస్త్రం రెండో నియమం అడిగేది వ్యవస్థ, పరిసరాలు కలిపి మొత్తం ఎంత అని. −10 డిగ్రీల సెల్సియస్ వద్ద, అంటే 263 కెల్విన్ వద్ద, ఒక మోల్ నీరు గడ్డకట్టిందనుకోండి. నీటి ఎంట్రోపీ కెల్విన్‌కు 22.0 జౌళ్లు తగ్గుతుంది. బయటికి వచ్చిన 6010 జౌళ్ల వేడిని 263తో భాగిస్తే పరిసరాలకు +22.85. మొత్తం +0.85, అందుకే గడ్డకడుతుంది. (డెల్టా హెచ్, డెల్టా ఎస్ ఉష్ణోగ్రతతో మారవనే ఉజ్జాయింపుతో వేసిన లెక్క ఇది.) అదే +10 డిగ్రీల దగ్గర, 283తో భాగించి చూడండి: 21.24 మాత్రమే, మొత్తం రుణాత్మకం. గిబ్స్ సమీకరణం (డెల్టా జి = డెల్టా హెచ్ − టి × డెల్టా ఎస్; టి అంటే ఉష్ణోగ్రత, డెల్టా జి రుణాత్మకమైతే చర్య అయత్నీకృతం) చేసే పనీ ఇదే. పరిసరాల వంతును డెల్టా హెచ్‌లో దాచేస్తుంది, అంతే.

సమస్య: సమతాస్థితి అనగానే డెల్టా జి నాట్ (ప్రమాణ స్థితిలోని డెల్టా జి) సున్నా అని రాస్తున్నారు.
సున్నా అయ్యేది నాట్ లేని డెల్టా జి. నాట్ ఉన్నది −ఆర్‌టి లాన్ కె (ఆర్ వాయు స్థిరాంకం, లాన్ సహజ సంవర్గమానం, కె సమతాస్థితి స్థిరాంకం). కె విలువ 1 అయితేనే అదీ సున్నా.

సమస్య: వజ్రం గ్రాఫైట్‌గా మారడానికి డెల్టా జి నాట్ −2.9 కిలోజౌళ్లు, మరి ఉంగరంలో వజ్రం అలాగే ఉందేం?
ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి దాటాల్సిన శక్తి అడ్డంకి) చాలా ఎక్కువ. వేగం సంగతి గతిశాస్త్రం అధ్యాయంలోది, డెల్టా జి దాన్ని చెప్పదు.