జేఎన్‌టీయూలో సీటు వస్తుందా? లాస్ట్ ర్యాంకుల పట్టిక ఎలా చదవాలి, చేరాక కాలేజీ మారడం ఎలా

ఎంసెట్ ర్యాంకు వచ్చిన మర్నాటి నుంచి హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఒకటే మాట: "ఈ ర్యాంకుకి జేఎన్‌టీయూ వస్తుందా?" 2024లో పరీక్ష పేరు టీజీ ఈఏపీసెట్‌గా మారినా నోటికి ఇంకా ఎంసెట్టే వస్తుంది. పక్కింటివాళ్లు ఒకటి చెబుతారు, కోచింగ్ సెంటర్ ఒకటి చెబుతుంది, ఫోన్లో ప్రిడిక్టర్ ఇంకొకటి చూపిస్తుంది. నమ్మదగిన జవాబు మాత్రం ప్రతి ఫేజ్ (సీట్ల కేటాయింపు విడత) అయ్యాక కౌన్సెలింగ్ నడిపే కన్వీనర్ వెబ్‌సైట్లో పెట్టే లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్‌లో, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో ఏ కోటాలో చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో చెప్పే పట్టికలో ఉంటుంది. దాన్ని ఓపిగ్గా చదవాలి. ఎందుకంటే అడ్మిషన్లు ముగిశాక బ్రాంచి మారడానికి జేఎన్‌టీయూ నిబంధనలు ఒప్పుకోవు. కాలేజీ మారే దారి ఉంది కానీ చాలా ఇరుకు. "ముందు ఎక్కడో ఒకచోట చేరిపోదాం, తర్వాత చూసుకుందాం" అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

ముందు మీకు ఏ జేఎన్‌టీయూ కావాలో తేల్చుకోండి

ఆ ఒక్క పేరు కింద మూడు రకాల కాలేజీలున్నాయి. మొదటిది కూకట్‌పల్లి క్యాంపస్ కాలేజీ, పట్టికలో దీని కోడ్ జేఎన్‌టీహెచ్. రెండోది జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్, సిరిసిల్ల, వనపర్తి లాంటి యూనివర్సిటీ సొంత కాలేజీలు. మూడోది అనుబంధ ప్రైవేటు కాలేజీలు. సీబీఐటీ, వాసవి ఈ మూడింటిలోనూ లేవు, అవి ఉస్మానియా కింద ఉన్నాయి. పట్టికలో చివర 'అఫిలియేటెడ్ టు' అనే నిలువు వరుస ఈ సంగతే చెబుతుంది. ఇప్పుడు అక్కర్లేదనిపించినా, రేపు కాలేజీ మారాల్సి వస్తే మొదట చూసేది దాన్నే.

సరైన ఫైలు దించుకోండి

ఒక్కో ఏడాదికి మూడు స్టేట్‌మెంట్లు ఉంటాయి: ఫస్ట్ ఫేజ్, సెకండ్ ఫేజ్, ఫైనల్ ఫేజ్. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు వచ్చినవాళ్లు, ప్రైవేటు యూనివర్సిటీలకు వెళ్లినవాళ్లు వదిలేసిన సీట్లు తర్వాతి ఫేజ్‌లలో కిందికి జారతాయి. అందుకే ఫైనల్ ఫేజ్ అంకెలు సాధారణంగా పెద్దవిగా ఉంటాయి. ఫస్ట్ ఫేజ్ పట్టిక ఒక్కటే చూసి "మనకు రాదులే" అని వదిలేసేవాళ్లూ ఉన్నారు, ఫైనల్ పట్టిక చూసి మొదటి ఫేజ్‌లోనే వచ్చేస్తుందని ధీమాగా కూర్చునేవాళ్లూ ఉన్నారు. రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

గత రెండు, మూడేళ్లవి చాలు. ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉన్న రోజుల ర్యాంకులతో ఇప్పటి ర్యాంకుల్ని పోల్చకూడదు. ఎస్సీ విద్యార్థులు ఇంకో సంగతి గమనించాలి. 2025 ఏప్రిల్‌లో వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 15 శాతం వాటా గ్రూప్-1కి 1, గ్రూప్-2కి 9, గ్రూప్-3కి 5గా విడిపోయింది. అంతకుముందు పట్టికల్లో ఎస్సీ అని ఒకటే వరుస ఉండేది కాబట్టి వాటిని పట్టుకుని లెక్క వేయొద్దు.

మీ గడి ఏదో వెతకండి

అడ్డంగా ఒక్కో వరస ఒక కాలేజీలో ఒక బ్రాంచి. నిలువుగా ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్, బీసీ-ఏ బాయ్స్, బీసీ-ఏ గర్ల్స్, ఇలా ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ దాకా సాగి, చివర్లో ట్యూషన్ ఫీజు ఉంటుంది. బ్రాంచి కోడ్లు జాగ్రత్తగా చూడండి. సీఎస్ఈ అంటే మామూలు కంప్యూటర్ సైన్స్, సీఎస్ఎం అంటే ఏఐ అండ్ ఎంఎల్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్, ఐఎన్ఎఫ్ అంటే ఐటీ. ఒక అక్షరం తేడాతో వేరే బ్రాంచి ఆప్షన్ పెట్టుకున్నవాళ్లు ఏటా కనిపిస్తారు. యూనివర్సిటీ కాలేజీల్లో సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు కూడా ఉంటాయి. పేరు అదే, ఫీజు వేరు.

ఇప్పుడు అసలు లెక్క. 60 సీట్ల సెక్షన్ ఉందనుకోండి. ప్రైవేటు కాలేజీలో 70 శాతం, అంటే 42 సీట్లు కన్వీనర్ కోటా. మిగతా 18 బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా. ఆ 42లో బీసీ-ఏ వాటా 7 శాతం అంటే సుమారు మూడు సీట్లు. బీసీ-బీ 10 శాతం, సుమారు నాలుగు. బీసీ-డీ 7 శాతం, మళ్లీ మూడు. బీసీ-ఈ 4 శాతం అంటే ఒకటో రెండో. బీసీ-సీ 1 శాతం అంటే సగం సీటు కూడా కాదు. ఎస్టీ 10 శాతం, సుమారు నాలుగు. ప్రతి వాటాలోనూ మూడో వంతు అమ్మాయిలకు.

బీసీ-డీ గర్ల్స్ గడిలో కనిపించే అంకె ఏమిటో ఇప్పుడు తెలిసిపోయింది కదా? అది బహుశా ఆ ఏడాది అక్కడ చేరిన ఒకే ఒక్క అమ్మాయి ర్యాంకు. ఆ అమ్మాయి వేరే కాలేజీ ఎంచుకుని ఉంటే అక్కడ ఇంకేదో అంకె ఉండేది. ఒక ఏడాది 13,200, మరుసటి ఏడాది 16,800 కనిపిస్తే కాలేజీ స్థాయి పడిపోయిందని కాదు. ఒకటి రెండు సీట్ల గడి అలాగే ఊగుతుంది. ఓసీ గడి కాస్త నిలకడగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ సీట్లు ఎక్కువ. కాబట్టి చిన్న కేటగిరీవాళ్లు ఒక అంకెను పట్టుకోకుండా మూడేళ్ల అంకెల్లో చిన్నదీ పెద్దదీ తీసుకుని ఒక పరిధి రాసుకోవాలి. ఖాళీ గడి కనిపిస్తే సీటు లేదని అనుకోవద్దు. ఆ ఏడాది ఆ కోటాలో ఎవరూ చేరకపోయి ఉండవచ్చు.

కాగితం మీద జాబితా తయారుచేయండి

వెబ్‌సైట్ తెరవకముందే ఈ పని అయిపోవాలి. పెద్ద తెల్ల కాగితం మీద నాలుగు గడులు గీయండి: కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్, మీ గడిలో మూడేళ్ల అంకెల పరిధి, ఫీజు. బీసీ-డీ అమ్మాయికి 14,500 ర్యాంకు వచ్చిందనుకుందాం. పరిధి పై అంచు 10,000 లోపే ఆగిన కాలేజీలు ఆశ వరస. 13,000 నుంచి 17,000 మధ్య ఊగుతున్నవి అవకాశం ఉన్న వరస. మూడేళ్లూ 20,000 దాటినవి భరోసా వరస. భరోసా వరసలో కనీసం పది ఉండాలి. ఇంట్లో అందరూ ఆశ వరస గురించే మాట్లాడతారు, చివరికి చాలామంది చేరేది మాత్రం మిగతా రెండు వరసల్లోంచే.

ఫీజు గడి దగ్గర ఒక్క క్షణం ఆగండి. రీయింబర్స్‌మెంట్‌కు (ప్రభుత్వమే ఫీజు చెల్లించే పథకం) అర్హత ఉన్న బీసీ, ఈబీసీ విద్యార్థుల్లో 10,000 లోపు ర్యాంకువాళ్లకు మొత్తం ఫీజు వస్తుంది, ఆ పైన ర్యాంకువాళ్లకు ఏడాదికి 35 వేలు. లక్షన్నర ఫీజున్న కాలేజీ పెట్టుకుంటే మిగతా లక్షా పదిహేను వేలు నాలుగేళ్లూ మీ చేతి నుంచే పెట్టుకోవాలి. 10,000 గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లకు కాలేజీని నిర్ణయించేది ఈ ఒక్క లెక్కే.

ఆప్షన్లు పెట్టేటప్పుడు

ప్రాసెసింగ్ ఫీజు ఎస్సీ, ఎస్టీలకు 600, మిగతావాళ్లకు 1,200 రూపాయలు. అది కట్టి స్లాట్ బుక్ చేసుకుని, హెల్ప్‌లైన్ సెంటర్లో సర్టిఫికెట్ వెరిఫికేషన్ చేయించుకోవాలి. కులం, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ఆలస్యమైతే కంప్యూటర్ మిమ్మల్ని ఓసీ కిందే చూస్తుంది. మీ సేవలో జూన్‌కు ముందే అర్జీ పెట్టడం మంచిది.

ఆప్షన్ల వరస గురించి ఒక అపోహ బలంగా ఉంది: పైన పెద్ద కాలేజీలు పెడితే ఆప్షన్లు వృథా అవుతాయని, మనకు వచ్చే కాలేజీ కింద ఉంటే దాన్ని ఇంకొకరు ఎగరేసుకుపోతారని. ఇది తప్పు. సీట్ల కేటాయింపు ర్యాంకు వరసలో జరుగుతుంది. మీ వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మీ మొదటి ఆప్షన్ నుంచి దిగుతూ, మీ కోటాలో ఖాళీ ఉన్న మొదటి చోట ఆగుతుంది. ఫలానా కాలేజీని మీరు ఒకటో నంబరులో పెట్టినా ఎనభయ్యో నంబరులో పెట్టినా, దాన్ని మీకన్నా వెనక ర్యాంకువాళ్లు అదే కోటాలో లాక్కోలేరు. అందుకే వరస రాసేటప్పుడు "వస్తుందా" అని ఆలోచించకండి. "రెండూ వస్తే ఏది కావాలి" అని మాత్రమే అడగండి. పక్కపక్కనున్న ప్రతి రెండు ఆప్షన్లకూ ఈ ప్రశ్న వేసుకుంటూ కిందిదాకా రండి.

2025 కౌన్సెలింగ్‌లో మాక్ అలాట్‌మెంట్, అంటే అసలుదానికి ముందు నమూనా కేటాయింపు, కూడా పెట్టారు. అందులో ఏమొచ్చిందో చూసి వరస మార్చుకునే వీలుంటుంది. భరోసా వరసలోది కూడా రాకపోతే ఇంకో ఇరవై ఆప్షన్లు జోడించండి. చివరగా సేవ్ చేసి, ఫ్రీజ్ చేసి, ప్రింటు తీసుకుని కాగితం జాబితాతో ఒక్కో కోడ్ టిక్కు పెట్టుకోండి. నెట్ సెంటర్లో చేయిస్తే పాస్‌వర్డ్, ఓటీపీ అక్కడ వదిలి రావద్దు.

సీటు వచ్చాక

గడువులోగా ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు ఆన్‌లైన్లో నమోదు) చేయకపోతే సీటు దానంతటదే రద్దవుతుంది. చేశాక రెండో ఫేజ్‌లో మళ్లీ ప్రయత్నించవచ్చు, కానీ అక్కడ ఒక గోతి ఉంది. రెండో ఫేజ్‌లో సీటు మారితే పాతది ఆ క్షణమే ఇంకొకరికి వెళ్లిపోతుంది. వెనక్కి రాదు. కాబట్టి ఆ ఫేజ్‌లో ఇప్పుడున్న సీటుకన్నా నిజంగా మెరుగైనవి మాత్రమే పెట్టండి. ఖాళీలున్నాయి కదా అని నలభై ఆప్షన్లు పెట్టి, దగ్గర్లోని మంచి కాలేజీ పోగొట్టుకుని, ఇబ్రహీంపట్నం దాకా బస్సులో తిరిగే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఫైనల్ ఫేజ్ అయ్యాక ఇంటర్నల్ స్లైడింగ్ ఉంటుంది. అదే కాలేజీలో ఖాళీగా ఉన్న వేరే బ్రాంచికి మారవచ్చు. బ్రాంచి నచ్చనివాళ్లకు ఇదే ఆఖరి తలుపు. నోటిఫికేషన్ గడువు కొద్ది రోజులే ఉంటుంది, తేదీ గమనించుకోండి. ఆ తర్వాత మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు.

చేరాక కాలేజీ మారాలంటే

మొదట కుదరనివి. బ్రాంచి మార్పు లేదు. యూనివర్సిటీ సొంత కాలేజీల మధ్య బదిలీ కూడా లేదు. అంటే జగిత్యాలలో చేరి తర్వాత కూకట్‌పల్లికి వద్దామనుకుంటే జరగదు. మిగతా బదిలీలకు ప్రభుత్వం, యూనివర్సిటీ ఎప్పటికప్పుడు ఇచ్చే మార్గదర్శకాలే ఆధారం. కాబట్టి మొదటి ఏడాది పరీక్షలు అయ్యీ అవగానే ఆ ఏడాది సర్క్యులర్ కోసం కాలేజీ ఆఫీసులో అడగడం మొదలుపెట్టాలి.

ముందుగా వెళ్లాల్సింది మీరు చేరదలచుకున్న కాలేజీకి. అదే బ్రాంచిలో, మీరు చేరబోయే సెమిస్టర్‌లో ఖాళీ ఉందని ప్రిన్సిపాల్ సంతకంతో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోండి. లెటర్‌హెడ్ మీద బ్రాంచి, సంవత్సరం, సెమిస్టర్ మూడూ ఉండాలి. నోటిమాట లెక్కలోకి రాదు. ఆ తర్వాతే ఇప్పటి కాలేజీలో ఎన్‌ఓసీ అడగండి. ముందు ఇక్కడ అడిగి, అక్కడ ఖాళీ లేదని తెలిస్తే మీ పని ఇబ్బందిలో పడుతుంది. బకాయిలు తీరిన రసీదు, సెమిస్టర్ మెమోల జిరాక్సులు, అలాట్‌మెంట్ ఆర్డర్ జతచేసి కాలేజీ ద్వారానే అర్జీ పంపాలి. ఉస్మానియా కాలేజీ నుంచి జేఎన్‌టీయూ కాలేజీకి అయితే రెండు యూనివర్సిటీల సమ్మతీ కావాలి. పని రెట్టింపు, రోజులూ రెట్టింపు.

ఆర్డర్ చేతికొచ్చేదాకా పాత కాలేజీకే వెళ్లండి. ముందే కొత్త క్లాసులో కూర్చుంటే అక్కడి రిజిస్టర్‌లో మీ పేరు ఉండదు, ఇక్కడ హాజరు పడదు. హాజరు 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే వైద్య కారణాలతో మినహాయింపు అడగవచ్చు. 65 కన్నా తగ్గితే డిటెన్షనే, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి.

అందరూ తేలిగ్గా తీసుకునేది సిలబస్ తేడాని. అటానమస్ కాలేజీలు తమ సిలబస్ తామే రాసుకుంటాయి. డేటా స్ట్రక్చర్స్ ఒకచోట మొదటి ఏడాదిలోనే అయిపోతుంది, మరోచోట రెండో ఏడాది మొదటి సెమిస్టర్‌లో వస్తుంది. అటు నుంచి ఇటు మారితే చదివిందే మళ్లీ చదవాలి, ఇటు నుంచి అటు మారితే ఆ సబ్జెక్టు అసలు చదవకుండానే తర్వాతి సెమిస్టర్‌లో కూర్చోవాలి. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్లకు చదవని సబ్జెక్టులేవో జేఎన్‌టీయూ క్లియరెన్స్ లెటర్‌లో రాసి ఇస్తుంది. ఆ సబ్జెక్టుల ఇంటర్నల్స్ రాయడానికి ఒక్కసారే అవకాశం ఇస్తారు. అందుకే అర్జీకి ముందే రెండు కాలేజీల సిలబస్ పుస్తకాలు పక్కన పెట్టుకుని సబ్జెక్టు, క్రెడిట్లు వరసగా రాసి చూడండి. తేడా రెండు సబ్జెక్టులయితే భరించవచ్చు. ఐదారు దాటితే, అందులోనూ బ్యాక్‌లాగ్‌లు ఉంటే, మారకపోవడమే మేలు. బ్రాంచి మీద కోరికతో మారాలనుకునేవాళ్లు ఉన్న కాలేజీలోనే మైనర్ డిగ్రీ (సొంత బ్రాంచితోపాటు అదనంగా చదివే రెండో సబ్జెక్టు) ఇస్తున్నారేమో అడగండి. ఏఐసీటీఈ పద్ధతిలో అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే సివిల్ విద్యార్థికి కూడా కంప్యూటర్ సైన్స్ మైనర్ వస్తుంది.

స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లు రెండు కాలేజీల స్కాలర్‌షిప్ సెక్షన్లకూ వెళ్లి, ఈ-పాస్‌లో (ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్) మీ వివరాలు ఎవరు, ఎప్పుడు మారుస్తారో కనుక్కోండి. ఆ మార్పు జరగక ఏడాది ఫీజు ఆగిపోతే కట్టాల్సింది మీరే.

టీసీ తీసుకునేటప్పుడు కాలేజీవాళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వం అంటే గట్టిగా అడగండి. ఒరిజినల్స్ తమ దగ్గర అట్టిపెట్టుకోవడాన్ని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ నిషేధించాయి. అయినా ఇవ్వం అని చెబితే ఆ మాట రాసిమ్మని కోరండి, ఆ కాగితంతోనే ఫిర్యాదు చేయవచ్చు. తీసుకున్న రోజే టెన్త్ మెమో, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం లెక్కపెట్టుకుని, రిజిస్టర్‌లో అన్నీ అందాయని చూసుకున్నాకే సంతకం పెట్టండి.