సిల్కీ కోళ్లలో అనుకున్న రంగు రావట్లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పట్టు లాంటి ఈకలు, నల్ల చర్మం ఉండే సిల్కీ కోడికి రంగు తప్పిందనగానే చాలామంది వెంటనే మేత మార్చేస్తారు, లేదంటే ఆ కోడిని అమ్మేస్తారు. రెండూ తొందరపాటే. ముందు తేల్చుకోవాల్సింది ఈ తేడా ఎండ, మేత, మురికి లాంటి వాటి వల్ల పైపైన వచ్చిందా, లేక రక్తంలోనే ఉందా అన్నది. దానికి తేలికైన పరీక్ష ఒకటుంది. రంగు తప్పిన చోట బాగా ముదిరిన ఈకలు రెండు మూడు మొదలంటా పీకి, కోడిని నీడపట్టున ఉంచి, మంచి మేత పెట్టి ఆగండి. మొలక దశలో ఉన్న ఈకను మాత్రం పీకొద్దు, రక్తం కారుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అక్కడ కొత్త ఈక వస్తుంది. అది మంచి రంగులో వస్తే తప్పు పైది. మళ్లీ అదే మచ్చతో వస్తే తల్లిదండ్రుల నుంచి వచ్చింది, ఇక మేత ఎంత మార్చినా లాభం లేదు.

ఇంకో మాట, పిల్లల మీద తీర్పు చెప్పేయకండి. నల్ల పిల్లలకి రెక్కల చివర తెలుపు ఉండటం మామూలే, పెద్ద ఈకలు వచ్చేసరికి చాలావరకు పోతుంది. ఐదారు నెలలు నిండేదాకా ఏ పిల్లనీ రంగు కోసం పక్కన పెట్టొద్దు.

తెల్ల సిల్కీ పసుపు తిరిగింది

మన ఎండలకి ఇది చాలా మామూలు. పుంజుల్లో ఎక్కువ, ముఖ్యంగా మెడ, వీపు, నడుము ఈకల్లో కనిపిస్తుంది. ఎండతో పాటు పసుపు మొక్కజొన్న ఎక్కువైనా ఆ ఛాయ వస్తుంది కాబట్టి కోడి ఈకలు రాల్చి కొత్తవి వేసుకునే రోజుల్లో మొక్కజొన్న తగ్గించి నూకలు, తెల్ల జొన్నలు పెట్టండి, ప్రొటీన్ మాత్రం తగ్గనివ్వొద్దు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా నీడలో ఉంచండి. ఇప్పటికే పసుపెక్కిన ఈక కడిగినా తెల్లబడదు, అది రాలి కొత్తది రావాల్సిందే. నల్లవి, బ్లూవి (నీలి బూడిద రంగువి) గోధుమ రంగుకి తిరగడానికి కూడా ఎండే కారణం, వాటికీ నీడే మందు.

బ్లూ జత కట్టిస్తే నల్లవి, మచ్చలవి పుట్టాయి

అమ్మినవాడు మోసం చేశాడని గొడవపడేది ఎక్కువగా ఇక్కడే, కానీ ఇందులో మోసం ఏమీ లేదు. బ్లూ అంటే నలుపుని పలుచన చేసే జీన్ (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి కాపీగా వచ్చే వంశ గుణం) ఒక కాపీ ఉన్న కోడి. అదే రెండు కాపీలు ఉంటే స్ప్లాష్, అంటే తెల్లటి ఒంటి మీద నీలి చుక్కలు చిందినట్టు ఉండేది. అసలు లేకపోతే నలుపు. కాబట్టి బ్లూకి బ్లూ కడితే సగటున నూటికి 50 బ్లూ, 25 నలుపు, 25 స్ప్లాష్ వస్తాయి. సగటున అన్నది గుర్తుపెట్టుకోండి, ఎనిమిది పిల్లలు తీస్తే ఐదు నల్లవే రావచ్చు. అన్నీ బ్లూ కావాలంటే స్ప్లాష్‌కి నలుపుని కట్టండి, అన్నీ బ్లూనే వస్తాయి. అందుకే స్ప్లాష్ పుట్టిందని చులకనగా అమ్మేయకండి, బ్లూ తీసేవాళ్లకి అది బంగారం లాంటి కోడి.

లావెండర్‌ని కూడా బ్లూ అనే కొని తెచ్చుకుంటారు. బ్లూలో తల, మెడ ముదురుగా ఉంటాయి, లావెండర్ ఒళ్లంతా ఒకే లేత బూడిద. లావెండర్ జీన్ రెండు కాపీలుంటేనే బయటపడుతుంది. దాన్ని నలుపుకి కడితే పిల్లలన్నీ నల్లగానే పుడతాయి, కానీ అన్నిటిలో లావెండర్ దాగి ఉంటుంది. అలాంటి పిల్లని మళ్లీ లావెండర్‌కి కడితే సగం లావెండర్ వస్తాయి. లావెండర్‌ని బ్లూకి మాత్రం కట్టకండి, పుట్టేవి బ్లూవో నల్లవో అవుతాయి, తర్వాతి తరంలో ఏది బ్లూ ఏది లావెండర్ అన్నది కంటితో తేల్చడం చాలా కష్టమవుతుంది.

తెలుపుకి నలుపు కడితే ఏమేమో వస్తున్నాయి

తెల్ల సిల్కీల్లో ఎక్కువ భాగం రిసెసివ్ వైట్, అంటే రెండు కాపీలు ఉంటేనే బయటపడే తెలుపు. ఈ తెలుపు ఒక దుప్పటి కప్పినట్టు, కింద బ్లూ ఉందో పార్ట్రిడ్జ్ (గోధుమ రంగు మీద నల్ల గీతలు) ఉందో బఫ్ (లేత బంగారు రంగు) ఉందో పైకి తెలియదు. దాన్ని నలుపుకి కట్టగానే కిందున్నది కాస్తా బయటికొస్తుంది. డామినెంట్ వైట్, అంటే ఒక్క కాపీ ఉన్నా బయటపడే తెలుపు, వేరే సంగతి. అది నలుపు మీద ఒక కాపీ ఉంటే పెయింట్ వస్తుంది, అంటే తెల్లటి ఒంటి మీద అక్కడక్కడా నల్ల మచ్చలు. మన పందెం కోళ్ల లెక్కలో పింగళకి దగ్గరగా ఉంటుంది చూడటానికి.

మీ దగ్గరున్న తెలుపు ఏదో తెలియాలంటే తెలుపు దాచుకోని స్వచ్ఛమైన నల్ల సిల్కీకి కట్టి చూడండి. పిల్లలన్నీ రంగువే పుడితే రిసెసివ్, అన్నీ తెల్లగా లేదా మచ్చలతో పుడితే డామినెంట్. పెయింట్‌కి పెయింట్ కడితే సగటున సగం పెయింట్, పావు నలుపు, పావు తెలుపు. నన్నడిగితే పెయింట్‌ని నలుపుకే కట్టమంటాను. సగం పెయింట్, సగం నలుపు వస్తాయి, చర్మం నలుపు కూడా పాడవదు. తరం తర్వాత తరం పెయింట్‌కి పెయింటే కడుతూ పోతే చర్మం నలుపు పలచబడి తురాయి (తల మీది కండ) ఎర్రబడటం మొదలవుతుంది.

నల్ల జతకి తెల్ల పిల్ల పుట్టిందా? రెండిట్లోనూ రిసెసివ్ తెలుపు దాగి ఉంది, అంతే.

నల్ల పుంజు మెడలో ఎరుపో బంగారమో తొంగి చూస్తోంది

దీన్నే లీకేజ్ అంటారు. అడుగున్న నలుపు గట్టిది కానప్పుడు వస్తుంది, సాధారణంగా ఎప్పుడో పార్ట్రిడ్జ్ రక్తం కలిసి ఉంటుంది. ఇబ్బంది ఏంటంటే పెట్టల్లో ఇది పెద్దగా కనిపించదు, పుంజుల్లో కూడా ఆలస్యంగా, ఆరేడు నెలలు దాటాక బయటపడుతుంది. కాబట్టి ఒక పుంజులో కనిపిస్తే దాన్ని ఒక్కదాన్నే తీసేస్తే సరిపోదు, దాని అక్కచెల్లెళ్లనీ అనుమానించాలి. నలుపు, బ్లూ లైన్లలోకి పార్ట్రిడ్జ్, బఫ్ కోళ్లని రానివ్వకుండా గూళ్లు వేరు చేయండి. లీకేజ్ ఉన్న పుంజుని పెంచుకోండి, చూడముచ్చటగానే ఉంటుంది, బ్రీడింగ్‌కి మాత్రం వద్దు.

తురాయి ఎర్రగా, చర్మం నలుపు పలచగా ఉంది

మంచి సిల్కీకి తురాయి నేరేడు పండు రంగులో, చర్మం నల్లగా ఉండాలి. కుకూ (అడ్డచారల) సిల్కీల్లో చారలు తెచ్చే జీన్‌తోనే చర్మం నలుపు తగ్గుతుంది, దాన్ని పూర్తిగా సరిచేయలేం. మిగతా రంగుల్లో అయితే చర్మం బాగా నల్లగా ఉన్న పుంజుని తెచ్చి రెండు మూడు తరాలు ఎంచుకుంటూ పోవాలి. తురాయి ఒక్కసారిగా పాలిపోతే అది రంగు సమస్య కాదు, పేలు, నులిపురుగులు ఉన్నాయేమో చూసి పశువుల డాక్టర్‌కి చూపించండి.

ఈకలు పట్టులా రాలేదు

పట్టు ఈక రిసెసివ్ గుణం. నాటు కోడికో కడక్‌నాథ్‌కో సిల్కీని కడితే పుట్టేవన్నీ మామూలు ఈకలతోనే పుడతాయి. నల్ల చర్మం, ఐదు వేళ్లు డామినెంట్ కాబట్టి అవి మాత్రం చాలావాటిలో కనిపిస్తాయి, అది చూసి సిల్కీ పిల్లే అనుకుని కొనేవాళ్లున్నారు. ఆ పిల్లల్ని మళ్లీ సిల్కీకి కడితే సగం పట్టు ఈకలతో వస్తాయి.

జతలు సరిగానే కట్టాం, అయినా ఒకటి రెండు వేరే రంగు

రెండు కారణాలు. పాత పుంజు వీర్యం పెట్టలో రెండు మూడు వారాలు ఉంటుంది, కాబట్టి పుంజుని మార్చాక నెల రోజులు ఆగి అప్పుడు గుడ్లు దాచండి. రెండోది, సిల్కీ పెట్ట పొదగడానికి కూర్చుందంటే పక్క పెట్టలు వచ్చి అదే గూట్లో గుడ్లు పెట్టిపోతాయి, అది అన్నిటినీ కలిపే పొదుగుతుంది. కూర్చోబెట్టిన రోజే గుడ్ల మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి, గుర్తు లేనివి ఏ రోజుకారోజు తీసేయండి. పిల్లలు 21వ రోజుకి బయటికొస్తాయి, తల్లి దగ్గర నుంచి వేరు చేసేలోపే కాళ్లకి రంగు రింగులు వేసి ఏ జత పిల్లలో పుస్తకంలో రాసుకోండి. పిల్లలు పెరిగేకొద్దీ రింగు బిగుసుకుంటుంది, రెండు వారాలకోసారి చూసి మార్చండి.